రామాంజప్ప వేయని సీలు

మూడేళ్ళ కిందటి నవంబరు. బెంగళూరులో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర, ఒక బేకరీ పైన రెండో అంతస్తులో మా ఆఫీసు. చేసే పని ఫ్రైట్ ఫార్వర్డింగ్. అంటే విదేశాల నుంచి సరుకు తెప్పించుకునేవాళ్ళకు షిప్‌లో చోటు చూడటం, కాగితాలు నడపడం, సరుకు రేవులో దిగాక కస్టమ్స్ పని ముగించి వాళ్ళ గేటు దాకా చేర్చడం. సముద్రం లేని ఊళ్ళో షిప్పుల ఆఫీసేమిటని ఆటోవాళ్ళు కూడా నన్ను ఆటపట్టిస్తుంటారు. దిగుమతుల విభాగంలో కస్టమర్లకు జవాబు చెప్పే కుర్చీ నాది. దానికి మా ఆఫీసులో తిట్లు తినే కుర్చీ అని పేరు. తిన్నవి అరిగించుకోవడమే కాదు, అవసరమైతే తిరిగి వడ్డించే అలవాటు కూడా నాకు ఉంది కనుక పద్దెనిమిదేళ్ళుగా అందులోనే కూర్చున్నాను.

ఆ నెలలో తూర్పు తీరంలో తుఫాను వచ్చి మా సరుకు దిగే రేవును కొన్నాళ్ళు మూసేశారు. రేవు పేరు రాయను. అక్కడివాళ్ళతో నాకు రేపు కూడా పని ఉంది. మళ్ళీ తెరిచేసరికి బయట షిప్పులు బారులు తీరాయి. రేవు లోపల షిప్ ఆనుకుని నిలబడే చోటును బెర్త్ అంటారు. అది ఖాళీ అయ్యేదాకా ఒడ్డుకు కొన్ని మైళ్ళ దూరంలో లంగరు వేసుకుని ఉండాలి. ఆ చోటు యాంకరేజ్. ఎవరి తర్వాత ఎవరు లోపలికి రావాలో రేవువాళ్ళు రోజూ ఒక జాబితా ఇస్తారు, దాన్ని లైన్-అప్ అంటాం. పొద్దున్నే ఆ జాబితా తెరిచి, మా షిప్ ఎన్నో నంబరులో ఉందో చూసి, కస్టమర్లందరికీ వాట్సాప్‌లో పంపడంతో నా రోజు మొదలయ్యేది.

మా సరుకున్నది ఒక ఫీడర్‌లో. పెద్ద షిప్పులు కొలంబోలో దించిన కంటైనర్లను మన రేవులకు తెచ్చే చిన్న షిప్ అది. తొమ్మిది రోజులుగా కదల్లేదు. పన్నెండు మంది కస్టమర్లు పన్నెండు రకాలుగా నన్ను పీక్కుతింటున్నారు. ఇలాంటప్పుడు మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. సరుకుదారులందరి దగ్గరా సమ్మతి లేఖలు తీసుకుని, ఈ రేవును వదిలేసి సరుకు వేరేచోట దించమని షిప్పింగ్ లైన్‌ను అడుగుతాం. దీన్ని పోర్ట్ ఒమిషన్ అంటారు. ఈ ఫీడర్ వెనక్కి కొలంబో వెళ్ళి కంటైనర్లు దించేస్తే, ఇంకో చిన్న షిప్ వాటిని తూత్తుకుడి తెస్తుంది, అక్కడి నుంచి లారీల్లో బెంగళూరు. వారంలో సరుకు చేతికొస్తుంది. ఫీడర్ మాత్రం కొలంబో నుంచి అటే సింగపూర్ వైపు తన తర్వాతి ట్రిప్పుకు పోతుంది.

ఆ ఉపాయం నాదే. లేఖ రాసింది కూడా నేనే. లైన్‌వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటి: శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా పన్నెండు లేఖలూ లెటర్‌హెడ్ మీద సంతకంతో, సీలుతో అందాలి. ఒక్కటి తగ్గినా షిప్ తన వంతు కోసం అక్కడే ఉంటుంది. శుక్రవారం పొద్దునకు పదకొండు వచ్చేశాయి. పన్నెండోది పీణ్యలో వాల్వులు తయారుచేసే రామాంజప్ప గారిది. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. ఆయనకు మెయిల్ అంటే నమ్మకం లేదు. కంపెనీ సీలును చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతారు, ఇంకొకరి చేతికి ఇవ్వరు. ఫోన్‌లో సరేనన్నారు, సీలు కోసం మనిషి వెళ్ళాల్సిందే. మధ్యాహ్నం నేనే వెళ్దామని కాగితం సంచిలో పెట్టుకున్నాను.

పదకొండు గంటలప్పుడు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఒక ఆడమనిషి గొంతు.

"మేడమ్, మీరు రోజూ పెట్టే షిప్ మెసేజ్ మా ఆఫీసులో పర్చేజ్ వాళ్ళు నాకు ఫార్వర్డ్ చేస్తున్నారండి. ఆ షిప్ లోపలికి ఎప్పుడొస్తుందండి?"

"కంటైనర్ నంబరు చెప్పండి."

"కంటైనర్ లేదండి."

"పోనీ మీ కంపెనీ పేరు?"

"కంపెనీ కాదండి. మా ఆయనున్నారండి ఆ షిప్‌లో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పన్నెండు మందికి జవాబు చెప్పలేక చస్తుంటే ఇదొకటా అనిపించింది. "అయితే ఆయన కంపెనీవాళ్ళను అడగాలమ్మా. నేను సరుకు సంగతి చూస్తాను, మనుషుల సంగతి కాదు" అని పెట్టేశాను. పెట్టేశాక నా మాట నా చెవుల్లోనే గింగురుమంది. కింద బేకరీలో టీ తాగినా పోలేదు. పది నిమిషాలకు నేనే తిరిగి ఫోన్ చేశాను.

ఆమె పేరు సుజాత. కాకినాడ దగ్గరి మనిషి. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం. భర్త డేవిడ్ రాజు ఆ షిప్‌లో ఎలక్ట్రికల్ ఆఫీసరు. వెళ్ళి పది నెలలైంది. ఈ రేవులోనే ఆయన సైన్-ఆఫ్, అంటే డ్యూటీ ముగించి దిగిపోవడం. ఆయన బదులు ఎక్కాల్సిన మనిషి వచ్చి రేవు ఊళ్ళో లాడ్జిలో కూర్చున్నాడు కూడా.

"మా పాప మిన్నుకి రెండేళ్ళండి. పుట్టుకతోనే వినపడదండి. పోయిన నెలే కాక్లియర్ ఇంప్లాంట్ సర్జరీ అయింది" అంది. చెవి వెనక లోపల ఒక పరికరం అమరుస్తారట. గాయం మానాక పైన మెషిన్ తగిలించి మొదటిసారి ఆన్ చేస్తారు. ఆ రోజునే స్విచ్-ఆన్ అంటారు. పాప జీవితంలో మొదటి శబ్దం వినేది ఆ రోజే.

"సర్జరీకి ఆయన లేరండి. స్విచ్-ఆన్ కైనా ఉండాలని ఒకసారి పోస్ట్‌పోన్ చేయించాను. ఇప్పుడు వచ్చే గురువారం ఇచ్చారు. కావాలంటే ఇంకో వారం ఆగుదామని డాక్టర్ గారే అన్నారండి. నేనే వద్దన్నాను మేడమ్. రెండేళ్ళు ఆగిందండి అది. ఇంక నా వల్ల కాదు."

"ఫోన్‌లో ఆయన గొంతు వినిపించకూడదా?"

"మొదట్లో ఫోన్ సౌండ్ అర్థం కాదంటండి. పక్కన కూర్చుని మాట్లాడాలంట. ఆయనకి డెక్ మీద ఒక మూల నిలబడితే సిగ్నల్ వస్తుందండి. రోజూ అక్కడి నుంచే చేస్తారు. ఊరు లైట్లు కనిపిస్తున్నాయి సుజీ, దిగడానికే లేదు అంటారు. లాంచీలో దించమని కెప్టెన్‌ని అడిగారంట. సముద్రం ఇంకా పోటు మీదుంది, లాంచీలు ఆపేశారు అన్నారంట." మళ్ళీ తనే అడిగింది. "గురువారం లోపు వచ్చేస్తుందా మేడమ్? అదొక్కటి చెప్పండి చాలు."

నా బల్ల మీద పదకొండు లేఖలు ఉన్నాయి. షిప్‌ను వెనక్కి పంపమని అడుగుతూ నేను రాసిన మాటలే పదకొండింటిలోనూ. ఆ షిప్ కొలంబో వెళ్తే డేవిడ్ రాజు దిగడు. బదులు మనిషి ఇక్కడ, ఆయన అక్కడ, తర్వాతి ట్రిప్పు సింగపూర్‌కు. ఆ ముక్క ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "లైన్-అప్‌లో ఐదో నంబరులో ఉందమ్మా. కనుక్కుని చెప్తాను" అన్నాను. పద్దెనిమిదేళ్ళలో ఎన్ని షిప్పులను ఎన్ని రేవులు దాటించానో లెక్క లేదు. వాటిలో మనుషులుంటారని తెలియక కాదు, ఎన్నడూ గుర్తు రాలేదు. నా మీద నాకే సిగ్గేసింది.

మారతహళ్ళి నుంచి పీణ్య వెళ్ళడమంటే సగం రోజు పని. ఔటర్ రింగ్ రోడ్డులో క్యాబ్ పాకుతున్నంతసేపూ, సీలు వేయించుకుని వచ్చేయాలా, సంగతి చెప్పాలా అని కొట్టుకున్నాను. నేను జీతం తీసుకునేది రామాంజప్ప గారి లాంటివాళ్ళ పని చేసినందుకు. ఆయన గ్రైండింగ్ మెషిన్ ఆ షిప్‌లోనే ఉంది. అది రాకపోతే ఆయన ఆర్డరు ఆలస్యమవుతుంది. ఆయన్ని వద్దనే హక్కు నాకు లేదు.

రామాంజప్ప గారి వర్క్‌షాపులో అడుగు పెడితే మన మాట మనకే వినపడదు. ఇనుము రాపిడి, కంప్రెసర్ మోత. పనివాళ్ళు చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. ఆయన నన్ను చూసి మూలనున్న అద్దాల గదిలోకి పిలిచారు.

"రా భారతమ్మా, కూర్చో. ఈ ట్రాఫిక్‌లో నువ్వే వచ్చేసినావా? ఎవురినన్నా పంపితే పోయేది కదా. యాడ వేయల్ల సీలు, చూపించు." జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి సీలు తీశారు.

నేను కాగితం బల్ల మీద పెట్టాను గానీ దాని మీద నుంచి చెయ్యి తీయలేకపోయాను. "ముందు ఒక సంగతి చెప్పాలండి."

"గట్టిగా చెప్పమ్మా. నా చెవులు ఎప్పుడో పోయిండాయి."

అందుకని ఆ కథంతా అరిచి చెప్పాల్సి వచ్చింది. మిన్ను గురించి, గురువారం గురించి, డెక్ మీద సిగ్నల్ కోసం నిలబడే మనిషి గురించి. ఆయన నా పెదవుల వంకే చూస్తూ విన్నారు. అయ్యాక మొహం ముడుచుకున్నారు.

"ఇది నాకెందుకు చెప్తాండావు? పొద్దున సీలు వేయమన్నది నువ్వే కదా?"

"నేనేనండి."

"ఇప్పుడు వద్దంటావా?"

"అనను. మీ సరుకు, మీ ఇష్టం. వేస్తే మెషిన్ వారంలో మీ దగ్గరుంటుంది. వేయకపోతే ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. మీకు నష్టమే. కానీ ఈ సంగతి దాచి మీ చేత సీలు వేయించుకోలేను."

"బాగుండాది. నీ మనసులో బరువు మోసుకొచ్చి నా మేజా మీద పెట్టినావు" అని ఆయన నిజంగానే కోప్పడ్డారు. సీలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. ఇంతలో అద్దం అవతల నుంచి ఒక పనివాడు రెండు వేళ్ళు చూపించి ఏదో అడిగాడు. ఈయన అరచెయ్యి బోర్లించి జవాబిచ్చారు. అతను తలూపి వెళ్ళిపోయాడు.

"పాపకు ఏమీ వినపడదా? గట్టిగా అరిచినా?"

"అరిచినా."

"మేము విని విని పోగొట్టుకున్నోళ్ళం భారతమ్మా. ఆ బిడ్డ విననే లేదు కదప్పా" అన్నారు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. సీలు కవర్లో పెట్టి, కవరు జేబులో పెట్టుకున్నారు. "నేను వేయను. పాత గ్రైండర్ ఇంగొక వారం లాగుతాది. నా కస్టమర్‌కు నేను చెప్పుకుంటా. నువ్వు ఆ షిప్పును బేగ లోపలికి తెప్పించు."

"అది నా చేతుల్లో లేదండి."

"మరి ఇంత దూరం వచ్చి ఏమి చేసినావమ్మా?" అన్నారు. ఇద్దరం నవ్వాం. కాఫీ తాగేదాకా వదల్లేదు.

ఐదింటికి పదకొండు లేఖలే ఉన్నాయని లైన్‌వాళ్ళకు రాశాను. షిప్ అక్కడే ఉంటుందని జవాబొచ్చింది. మా మేనేజరుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తల పట్టుకుని, "మనం ఎవరి తరఫు భారతీ?" అని అడిగారు. ఒకటి ఒప్పుకోవాలి. మిగతా పదకొండు మందిని నేను అడగలేదు. రామాంజప్ప గారు ఒప్పుకుని నష్టపోయారు, వాళ్ళు తెలియకుండా నష్టపోయారు. అందులో ఒకాయన ఆ తర్వాత మాతో పని మానుకున్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది.

శనివారం మా షిప్ నాలుగో నంబరుకు వచ్చింది, ఆదివారం మూడుకు. సోమవారం పొద్దున్నే లైన్-అప్ తెరిచాను. ఎరువుల షిప్ ఒకదాన్ని అత్యవసరమని ముందుకు తీసుకున్నారు. మాది మళ్ళీ నాలుగు. ఇంతమందిని నష్టపెట్టి, చివరికి ఆ మనిషి గురువారం దాటాక దిగితే ఏం చేయాలి? రామాంజప్ప గారికి ఏ మొహం చూపించాలి? రేవులో మా ఏజెంటుకు రోజుకు పదిసార్లు ఫోన్ చేశాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

సుజాత రోజూ పొద్దున "గుడ్ మార్నింగ్ మేడమ్" అని ఒక్క మెసేజ్ పెట్టేది. ఇంకేమీ అడిగేది కాదు. ఆ అడగకపోవడాన్నే నేను తట్టుకోలేకపోయాను. సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేసి లేఖల సంగతి, పీణ్యలో పడని సీలు సంగతి చెప్పేశాను. మీ ఆయన్ని వెనక్కి పంపే కాగితం రాసింది నేనేనని చెప్పాను.

"మీకేం తెలుసండి మేడమ్? మీ పని మీరు చేశారు" అంది. అంతకన్నా తిట్టి ఉంటే నయమనిపించింది. "ఆ పీణ్య అంకుల్ గారి పేరేంటండి?" అని మాత్రం అడిగింది.

మంగళవారం రెండు. బుధవారం ఒంటిగంటకు ఏజెంటు ఫోన్ చేశాడు. "పైలట్ ఎక్కాడు మేడమ్." పైలట్ అంటే షిప్‌ను రేవులోకి నడిపించుకొచ్చే రేవు మనిషి. ఆయన ఎక్కాడంటే ఇక ఆగేది లేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఏమైందని పక్క సీటువాళ్ళు కంగారుపడ్డారు. మూడున్నరకు షిప్ బెర్త్‌లో ఆనుకుంది. బదులు మనిషి ఎక్కి, పని అప్పగించుకుని, ఇమిగ్రేషన్ ముద్రలు పడేసరికి సాయంత్రమైంది. డేవిడ్ రాజు రాత్రి బస్సెక్కి గురువారం పొద్దున ఏడింటికి బెంగళూరులో దిగాడు.

పదకొండింటికి ఆసుపత్రిలో స్విచ్-ఆన్. మీరూ రావాలని సుజాత పట్టుబట్టింది. తల్లిదండ్రులు తప్ప వేరేవాళ్ళు లోపలికి రాకూడదంటే, పాపకు మేనత్త అని నర్సుకు ధీమాగా అబద్ధం చెప్పి నన్ను తీసుకెళ్ళింది. డేవిడ్ రాజు ఎండకు బాగా నల్లబడిన, మెతకగా కనిపించే మనిషి. మిన్ను ఆయన దగ్గరికి పోలేదు. తల్లి చేతిలోని ఫోన్ వంక ఒకసారి, ఆయన వంక ఒకసారి చూస్తోంది. రోజూ అందులో ఉండే మనిషి ఇంత పెద్దగా బయట ఎలా ఉన్నాడని కాబోలు.

వినికిడి సంగతి చూసే ఆడియాలజిస్టు కన్నడ అమ్మాయి. పాప ముందు రంగు రంగుల చెక్క రింగులు పెట్టి ఆడుకోనిచ్చింది. చెవి వెనక మెషిన్ తగిలించి, కంప్యూటర్‌లో ఏవేవో సరిచేసి, "పిల్లలు భయపడొచ్చు, ఏడవొచ్చు, ఏమీ అననూ వచ్చు. కంగారు పడకండి" అని ఇంగ్లీషులో చెప్పింది. ఆ తర్వాత తండ్రి వైపు తిరిగి, "మాతాడి సర్, మెల్లగా" అని, మాట్లాడమన్నట్టు చెయ్యి చూపించి మెషిన్ ఆన్ చేసింది.

ఏం మాట్లాడాలో డేవిడ్ రాజు నెలల తరబడి అనుకున్నాడట. మొదట పాప పేరు, తర్వాత నాన్న అనే మాట. డెక్ మీద ఎవరూ లేనప్పుడు పైకి అని చూసుకునేవాడట. ఇప్పుడు పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. సుజాత ఆయన భుజం మీద చెయ్యి వేసింది, తను కూడా మాట్లాడలేదు. ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకుని ఒక్కసారిగా వెక్కాడు.

పాప చేతిలోని రింగు అలాగే ఆగిపోయింది.

ఆయన మళ్ళీ వెక్కాడు. మిన్ను తల తిప్పింది. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ రింగు వదిలేసి, రెండడుగులు వేసి, ఆయన చేతుల సందులోంచి వేళ్ళు దూర్చి నోరు తడిమింది. "మిన్నూ" అన్నాడాయన అప్పుడు. పాప చెయ్యి తీయలేదు. సుజాత ఏడ్చింది, నేను ఏడ్చాను. ఆడియాలజిస్టు కంప్యూటర్ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత కూడా పోర్ట్ ఒమిషన్ లేఖలు చాలా రాశాను, ఇంకా రాస్తాను. బతుకుతెరువు అది. ఇప్పుడు మాత్రం రాసే ముందు ఏజెంటుకు ఫోన్ చేసి, ఆ షిప్‌లోంచి ఈ రేవులో దిగాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. చాలాసార్లు ఉంటారు. ఒక్కోసారి ఏమైనా చేయగలుగుతాను, ఎక్కువసార్లు చేయలేను. కస్టమర్లకు పంపే లేఖ కింద ఆ వివరం కూడా ఒక వాక్యంలో రాస్తాను, తెలిసి నిర్ణయించుకోమని. అది చదివి ఇద్దరు ముగ్గురు ఆగిన సందర్భాలున్నాయి. నా పని సరుకు ఒక్కటే అని ఎవరితోనూ అనడం మానేశాను.

ఆ గురువారం ఆసుపత్రి వరండాలోకి వచ్చి ముందు రామాంజప్ప గారికే ఫోన్ చేశాను. వెనక వర్క్‌షాపు మోత. ఆయనకు వినపడాలంటే అరవాలి కదా, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా అరిచాను. "వినిందండీ! పాప వినింది!"

"ఏమంటివి?"

"పాపకు వినపడిందండీ! వాళ్ళ నాన్న గొంతే మొదట వినింది!"

అటు మోత తగ్గింది. మెషిన్లు ఒక్కొక్కటే ఆపిస్తున్నారని అర్థమైంది. చివరికి కంప్రెసర్ కూడా ఆగిపోయి, ఆ వర్క్‌షాపులో నేనెన్నడూ ఎరగని నిశ్శబ్దం వినిపించింది.

"ఇప్పుడు వినపడిందాండీ?" అన్నాను.

"నాకు ఇందాకే వినపడ్డాది భారతమ్మా" అన్నారు. "మావాళ్ళంతా నిలబడుకోనుండారు. ఇంగొకసారి చెప్పు."